లైట్ల టోపీ మూడుసార్లు దాటింది

మొదటిసారి ఆవిడ మమ్మల్ని దాటి వెళ్ళినప్పుడు నాకేం కోపం రాలేదు. తల మీద చిన్న చిన్న రంగు లైట్లు వెలుగుతున్న టోపీ, వెనకాల ఇద్దరు పిల్లలు. మా లైనుకి ఆనుకుని ఉన్న ఖాళీ దారిలో చకచకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. "టోపీ భలే ఉంది కదమ్మా" అంది మా పాప. అవునన్నాను. అరగంట తర్వాత అదే టోపీ, అదే దారి. అప్పటికి మేం గొలుసుల మధ్య మూడు మెలికలు తిరిగి, బయల్దేరిన చోటికి పది అడుగుల దూరంలో ఉన్నాం. మూడోసారి టోపీ కనిపించినప్పుడు పాప ఏమీ అనలేదు. నా మొహంలోకి చూసింది అంతే.

ఆవిడ మూడుసార్లు లోపలికెళ్ళి భయపడి, నవ్వుకుంటూ బయటికొచ్చింది. మేం ఒక్కసారి కూడా గుమ్మం దాకా వెళ్ళలేదు.

ఇది ఒక థీమ్ పార్కులో అక్టోబరు నెలలో రాత్రిపూట పెట్టే హాలోవీన్ ఈవెంట్. హాలోవీన్ అంటే దెయ్యాల వేషాలు వేసుకుని చేసుకునే పండగ. పార్కు పేరు చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. ఈ పద్ధతి ఒక్క పార్కుది కాదు. పగలు వచ్చినవాళ్ళని సాయంత్రం బయటికి పంపేసి, వేరే టికెట్‌తో మళ్ళీ గేట్లు తెరుస్తారు. ఆరున్నరకి మొదలు, రాత్రి ఒంటిగంటకి ఆఖరు. లోపల పది దెయ్యాల ఇళ్ళు. చీకటి గదుల్లోంచి మనం నడుచుకుంటూ వెళ్తుంటే వేషాలు వేసినవాళ్ళు మూలమూలల నుంచి మీదకి దూకుతారు. ఒక్కో ఇంట్లో ఉండేది నాలుగైదు నిమిషాలు. ఈ సరదా కొత్తదేం కాదు. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కు వాళ్ళు 1973లోనే హాలోవీన్ రాత్రుల కోసం పార్కుని దెయ్యాల కొంపగా మార్చారు. యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడాలో ఇలాంటిది 1991లో మొదలైంది.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆయన, పన్నెండేళ్ళ మా పాప, నా తమ్ముడు. అందరికీ కుదిరింది శనివారమే. అదే మొదటి తప్పని తర్వాత తెలిసింది.

టికెట్లు కొనేటప్పుడు ఫోన్లో పార్కు సైట్ అడిగింది, లైను దాటించే పాస్ కూడా కావాలా అని. ధర చూసి మా ఆయన నవ్వేశాడు. పాస్ టికెట్ కంటే ఎక్కువుంది. "అసలు కంటే కొసరు ముద్దంటే ఇదే" అన్నాడు. వద్దు అని నొక్కాను. డబ్బు కట్టే పేజీలో మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. వెళ్ళడానికి ముందు రోజు మెయిల్ వచ్చింది, "రేపు రద్దీ ఎక్కువగా ఉంటుంది, పాసులు కొన్నే మిగిలాయి" అని. రద్దీ ఎంతుంటుందో ముందే తెలిసినవాళ్ళు టికెట్లు అన్నేసి ఎందుకమ్మారో అని ఆ రోజు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

మొదటి ఇంటి ముందు బోర్డు మీద 75 నిమిషాలు అని ఉంది. పట్టింది 110. ఆ 110 నిమిషాల్లో ఆఖరి పాతిక గుమ్మానికి దగ్గర్లో గడిచాయి కాబట్టి, అక్కడ ఏం జరుగుతోందో తీరిగ్గా చూశాను.

నల్ల చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు. చేతిలో నొక్కితే టిక్ టిక్‌మనే లెక్క యంత్రం. అతని ఎడమవైపు మా లైను, కుడివైపు పాస్ దారి. మా వైపు నడుమెత్తున ఒక గొలుసు, దానికో కొక్కెం. లోపలి నుంచి పచ్చలైటు వెలగ్గానే కుడివైపు తిరిగి చెయ్యూపుతాడు. వాళ్ళు లోపలికి పోతుంటారు, టిక్ టిక్ టిక్, ఎనిమిది. అప్పుడు మా వైపు తిరిగి కొక్కెం తీసి నలుగుర్ని పంపుతాడు. మళ్ళీ కొక్కెం వేస్తాడు. 45 సెకన్ల తర్వాత పచ్చలైటు. మళ్ళీ ఎనిమిది, నాలుగు. ఒకటి రెండుసార్లు పాస్ దారిలో ఎవరూ లేక మా వాళ్ళు పన్నెండు మంది ఒకేసారి వెళ్ళారు. అప్పుడు లైనంతా ఒక్క ఊపున కదిలేసరికి వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు. మా ముందున్న కుటుంబంలో అయిదుగురున్నారు. నలుగుర్ని పంపి తండ్రిని ఆపాడు. "కలిసే వచ్చాం బాబూ" అన్నాడాయన. ఆ కుర్రాడు గొలుసు పట్టుకుని, "క్షమించండి, నాకు చెప్పిన లెక్క ఇదే" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆ 45 సెకన్లూ అతను ఆయన మొహం వైపు చూడలేదు.

నిజంగా కోపం రావాల్సింది ఎవరి మీదో కానీ, లైన్లో ఉన్నవాళ్ళ చూపులన్నీ ఆ కుర్రాడి మీదే. గంటల లెక్కన జీతం తీసుకునేవాడు. వేల మంది విసుగుని తన ఒక్కడి మొహం మీద మోస్తున్నాడు.

ఇంకో సంగతి. మా వెనకున్న ఒకతను, పాస్ దారిలో చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక అబ్బాయినీ వాళ్ళమ్మనీ చూసి, "డబ్బుంటే చాలు" అని సణిగాడు. ఆ అబ్బాయి డబ్బుతో వచ్చినవాడో, ఎక్కువసేపు నిలబడలేని పిల్లాడికి ఇచ్చే సదుపాయం మీద వచ్చినవాడో మాకెలా తెలుస్తుంది? రెండు రకాలవాళ్ళనీ ఒకే దారిలో పంపుతారు. దాంతో అవసరం ఉన్నవాళ్ళ మీద కూడా అనుమానమే. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఆ సదుపాయానికి నిబంధనలు 2024లో బాగా బిగించి, ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్ళకే అన్నారు. పాసులకి డబ్బు కట్టాల్సిన రోజులొచ్చాక ఉచితంగా దొరికే ఆ ఒక్క తలుపు దగ్గరా తోపులాట పెరగడంలో వింతేముంది?

సరే, ఆ రాత్రి సంగతి. రెండో ఇంటికి 95 నిమిషాలు. మూడో లైన్లో 70 నిమిషాలు నిలబడ్డాక ఏదో సాంకేతిక లోపమని మైకులో చెప్పి ఆపేశారు. పాస్ ఉన్నవాళ్ళతో "మళ్ళీ ఎప్పుడైనా రండి, మీ పాస్ అలాగే ఉంటుంది" అన్నారు. మాతో ఏమీ అనలేదు. మా డెబ్బై నిమిషాలూ గాల్లో కలిసిపోయాయి. ఆఖర్న పన్నెండున్నర దాటాక లైన్లు పలచబడితే ఇంకోటి చూడగలిగాం, పాతిక నిమిషాల్లో. ఆరున్నర గంటల్లో మూడు ఇళ్ళు. లోపల గడిపింది మొత్తం కలిపి పావుగంట. పాప కార్లో నిద్రపోయింది.

మర్నాడు పొద్దున ఇంట్లో దీని మీదే చర్చ. మా ఆయన ఎప్పుడూ పెద్దమనిషి తరహాలో మాట్లాడతాడు. "విమానంలో బిజినెస్ క్లాస్ లేదా? ఎక్కువ కట్టినవాడికి ఎక్కువ సుఖం. ఇందులో అన్యాయమేముంది?" అన్నాడు.

"బిజినెస్ క్లాస్ వాడికి వెడల్పు సీటు ఇచ్చినందుకు నా విమానం రెండు గంటలు ఆలస్యంగా లేస్తుందా? వాడూ నేనూ ఒకేసారి దిగుతాం. ఇక్కడ వాడికిచ్చింది నా ముందున్న చోటు. పార్కు కొత్తగా ఏమీ తయారుచెయ్యలేదండీ. నా దగ్గరున్నది తీసి వాడికి అమ్మింది" అన్నాను.

తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "కొందరికి డబ్బుంది, టైం లేదు. కొందరికి టైం ఉంది, డబ్బు లేదు. వాళ్ళు డబ్బిచ్చి టైం కొనుక్కుంటున్నారు. సర్దుబాటే కదక్కా?"

"సర్దుబాటైతే నా టైం అమ్మినందుకు డబ్బు నాకు రావాలి కదరా. ఎవరికొచ్చింది?"

వాడు నవ్వాడు కానీ జవాబు చెప్పలేదు. తర్వాత వాడే లెక్కల్లోకి దిగాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

కోపం తగ్గాక కొంచెం చదివాను. పాత పద్ధతి ఏమిటో తెలిసినప్పుడు ఆశ్చర్యం వేసింది. డిస్నీలాండ్ 1955లో తెరిచినప్పుడు లోపలికి వెళ్ళడానికి ఒక ధర, ఒక్కో రైడ్‌కీ విడిగా టికెట్. తర్వాత అక్షరాలున్న టికెట్ల పుస్తకాలు పెట్టారు. 'A' టికెట్‌తో చిన్న రైడ్లు, 1959 నుంచి 'E' టికెట్‌తో అన్నిటికంటే పెద్దవి. పెద్ద రైడ్ కావాలంటే ఎక్కువ ఖర్చు. ఆ పుస్తకాలు 1982లో పోయాయి. ఒక్క టికెట్ కొంటే లోపల అన్నీ ఎక్కొచ్చు. వినడానికి అదే న్యాయంగా ఉంటుంది. కానీ డబ్బు అడ్డం తొలగాక మిగిలిన అడ్డం లైను ఒక్కటే. ఎవరికెంత ఓపికుంటే వాళ్ళకన్ని రైడ్లు.

1999లో డిస్నీ వాళ్ళే ఫాస్ట్‌పాస్ తెచ్చారు. అది ఉచితం. రైడ్ దగ్గర యంత్రంలో టికెట్ పెడితే ఫలానా టైంకి రమ్మని చీటీ వస్తుంది. ఆ టైం దాకా వేరే చోట తిరగొచ్చు. డబ్బున్నవాడైనా లేనివాడైనా చీటీ ఒకలాగే వచ్చేది. పొద్దున్నే లేచి వచ్చినవాడికి మంచి టైం దొరికేది, అంతే తేడా. అందులోనూ మెలిక లేకపోలేదు. చీటీ జేబులో పెట్టుకుని ఇంకో లైన్లో నిలబడేవాళ్ళు ఒకేసారి రెండు లైన్లలో ఉన్నట్టే కదా. 2020లో పార్కులు మూతపడ్డప్పుడు ఆగిన ఆ పద్ధతి మళ్ళీ రాలేదు. 2021లో దాని చోట డబ్బు కట్టి కొనే లైట్నింగ్ లేన్ వచ్చింది. 2024లో ఇంకా ఖరీదైన ప్రీమియర్ పాస్ వచ్చింది. ముందే టైం కూడా పెట్టుకోనక్కర్లేదు, నేరుగా వెళ్ళిపోవడమే. ఇరవై అయిదేళ్ళలో ఉచిత చీటీ కాస్తా బాగా ఖరీదైన సరుకైంది.

మరుసటి ఏడాది తమ్ముడు చెప్పకుండా పాసులు కొనేశాడు. నలుగురికీ. "పాప కోసం అక్కా, తిట్టకు" అన్నాడు. తిట్టాను. తిట్టి వెళ్ళాను. ఇంట్లో అన్ని నీతులు చెప్పినదాన్ని మరి ఎందుకు వెళ్ళావని మీరు అడగొచ్చు. మూడు ఇళ్ళకే కార్లో నిద్రపోయిన పిల్ల మొహం గుర్తొచ్చింది, అంతకంటే నా దగ్గర జవాబు లేదు.

ఈసారి పాస్ ఎన్నిసార్లైనా వెళ్ళొచ్చనే రకం కాదు. ఒక్కో ఇంటికీ ఒక్కసారే. దారి మొదట్లో ఫోన్ చూపిస్తే టింగ్‌మని స్కాన్ చేస్తారు. మా ఆయన ఫోన్లో వెలుతురు తక్కువుండి రెండుసార్లు స్కాన్ కాలేదు. ఆ పది సెకన్లలో ఆయన వెనక్కి తిరిగి "సారీ, సారీ" అని ఎవరికో చెప్తూనే ఉన్నాడు. వెనక ఎవరూ లేరు.

దారిలోకి అడుగుపెట్టాక తెలిసింది, ఇది అవతలి నుంచి చూసినట్టు ఉండదని. ఎడమవైపు గొలుసుల అవతల మనుషులు. అందరూ మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. తండ్రి భుజాల మీద కూచున్న ఒక బుడ్డోడు మాత్రం నన్నే చూశాడు. వాడి దగ్గర ఎర్రటి టార్చి లైటు. నేను నడుస్తుంటే నా కాళ్ళ మీద వేస్తూ వచ్చాడు, దారి చూపిస్తున్నట్టు. తలొంచుకుని నడిచాను. మా పాప నా చెయ్యి పట్టుకుని "అమ్మా, మెల్లగా నడుద్దామా? పరిగెత్తితే వాళ్ళకి బాధేస్తుందేమో" అంది.

మొదటి ఇంటికి ఆరు నిమిషాలు. రెండోదానికి తొమ్మిది. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి పక్క లైన్లోకి చూడటం మానేశాను. అంత తొందరగా అలవాటైపోయింది. అయిదో ఇంటి దగ్గర అసలు సంగతి బయటపడింది. అక్కడ పాస్ దారే నిండిపోయి ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది. పావుగంటయ్యేసరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "డబ్బులు కట్టి కూడా ఇంతసేపా?"

అన్నాక నాకే సిగ్గేసింది. ఏడాది కిందట 110 నిమిషాలు నిలబడిన మనిషిని నేనే. మా ముందున్న ఆవిడైతే స్టాఫ్ అమ్మాయితో గొడవకే దిగింది. ఆ అమ్మాయి ఫోన్లో నిబంధనలు తీసి చూపించింది. పాస్ ఉంటే ఆగనక్కర్లేదని వాళ్ళు ఎక్కడా రాయలేదట. "మామూలు లైను కంటే తక్కువ" అని మాత్రమే ఉంది. అవతల లైను ఎంత పొడుగుంటే ఆ మాట అంత నిజం.

అక్కడే నాకు విషయం అర్థమైంది. మామూలుగా ఏ వ్యాపారంలోనైనా కొనడానికి వచ్చినవాణ్ణి నిలబెడితే అమ్మేవాడికి నష్టం. లైను తగ్గించడానికి ఇంకో మనిషిని పెడతాడు, ఇంకో కౌంటర్ తెరుస్తాడు. పాస్ అమ్మేచోట మాత్రం లైనే సరుకు. అది పది నిమిషాలకి తగ్గిపోతే పాస్ ఎవడు కొంటాడు? పార్కువాళ్ళు కావాలని లైను పెంచుతున్నారని నేననడం లేదు. తగ్గించాలన్న తొందర వాళ్ళకి ఎందుకుంటుందని అడుగుతున్నాను.

ఆ రాత్రి తొమ్మిది ఇళ్ళు చూశాం. పదోది మాకే ఓపిక లేక వదిలేశాం. తొమ్మిదో ఇంట్లో మా ఆయన ఏదో గొలుసు రంపం చప్పుడికి నా కంటే ముందు కేక పెట్టి, అది నేను పెట్టిన కేకే అని ఇప్పటికీ వాదిస్తాడు. బాగా ఆనందించాం. ఆ మాట దాచను.

ఇంటికొచ్చాక తమ్ముడు కాగితం తీశాడు. పోయినేడు నేను వేసుకున్న లెక్క తప్పని వాడి వాదన. నా లెక్క ఇది: పన్నెండు మందిలో ఎనిమిది మంది పాస్ వాళ్ళు, మేం నలుగురం. వాళ్ళే లేకపోతే మేం మూడింతలు తొందరగా వెళ్ళేవాళ్ళం, 110 నిమిషాలది 37 నిమిషాల్లో అయిపోయేది.

"వాళ్ళు లేకపోవడమేంటక్కా? పాస్ లేకపోతే వాళ్ళూ మన లైన్లోనే నిలబడేవాళ్ళు కదా" అన్నాడు.

ఆ మాట నిజమే. కోపంలో నాకు తట్టలేదు. అయితే వాడు అక్కడితో ఆగలేదు. పాస్ ఉన్నవాళ్ళందరూ మాలాగే తొమ్మిది ఇళ్ళు చూస్తారనుకుందాం. లేనివాళ్ళందరూ పోయినేటి మాలాగే మూడు. మొత్తం నూరు మందైతే, గుమ్మం దగ్గర ఎనిమిదికి నాలుగు చొప్పున వెళ్ళాలంటే నూరులో పాస్ ఉన్నవాళ్ళు ఎందరుండాలి? నలభై. నలభై తొమ్మిదులు 360. అరవై మూళ్ళు 180. సరిగ్గా రెండుకి ఒకటి. మొత్తం 540. దీన్నే నూరు మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికీ అయిదుకి పైన.

అంటే ఒకే లైనైతే అందరికీ అయిదేసి ఇళ్ళు. పాసులుంటే నలభై మందికి తొమ్మిదేసి, అరవై మందికి మూడేసి. ఇళ్ళు పెరగలేదు. గంటలు పెరగలేదు. పాస్ ఉన్నవాడు మనకంటే ముందు వెళ్తాడన్నది చిన్న సంగతి. వాడు మనకంటే ఎక్కువసార్లు వెళ్తాడు, అక్కడుంది కిటుకు. నిలబడే పని లేదు కాబట్టి ఒకదాంట్లోంచి బయటికొచ్చి ఇంకోదాంట్లో దూరతాడు. లైట్ల టోపీ మూడుసార్లు దాటిందని చెప్పానే, ఆ మూడుసార్లూ ఎక్కడి నుంచి వచ్చాయో ఆ కాగితం మీద కనిపించింది. మా నలుగురివీ, మా ముందున్న అయిదుగురివీ, గొలుసు అవతల ఆగిపోయిన ఆ తండ్రివీ.

ఇది మేం ఊహించి వేసిన లెక్క. అసలు అంకెలు పార్కు దగ్గరే ఉంటాయి. అవి బయటపెట్టకపోవడమే నా ఫిర్యాదు. పాస్ పెట్టడం కంటే కూడా అదే ఎక్కువ తప్పని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. మామూలు టికెట్ కొన్నప్పుడు "పది ఇళ్ళు" అని బొమ్మలతో సహా చూపించారు. శనివారం రాత్రి ఆ టికెట్‌తో వచ్చినవాళ్ళు సగటున ఎన్ని చూడగలుగుతున్నారో వాళ్ళకి తెలుసు. ప్రతి గుమ్మం దగ్గరా ఆ కుర్రాడి చేతిలోని యంత్రం టిక్ టిక్‌మని లెక్కపెడుతూనే ఉంది. "ఈ రాత్రికి ఇన్ని పాసులు అమ్మాం, మామూలు టికెట్‌తో సుమారు ఇన్ని ఇళ్ళు చూడొచ్చు" అని కొనే పేజీలో ఒక్క ముక్క రాస్తే, శనివారం వెళ్ళాలో బుధవారం వెళ్ళాలో నేనే తేల్చుకుంటాను. పగటి పార్కుకైతే ఇంత పట్టింపు లేదు, పొద్దున్నుంచి రాత్రి దాకా టైం ఉంటుంది. ఆరున్నర గంటల ఈవెంట్‌లో రెండు లైన్లు చెడితే రాత్రి అయిపోయినట్టే.

నిలబడటం గురించి పరిశోధన చేసినవాళ్ళు కూడా ఈ మాటే ఎప్పుడో చెప్పారు. 1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన రాసిన వ్యాసంలో ఉంది, ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదానికంటే పొడుగ్గా అనిపిస్తుందని, అన్యాయం జరుగుతోందనిపిస్తే ఇంకా పొడుగ్గా అనిపిస్తుందని. మా మొదటి లైన్లో రెండూ ఉన్నాయి. బోర్డు మీద అబద్ధపు 75, పక్కన ఖాళీ దారి. నడిచేవాళ్ళని కనిపించకుండా ఒక తెర కట్టినా నా కోపం సగం తగ్గేది. అలా కడితే పాస్ కొనాలని ఎవరికీ అనిపించదు కాబట్టి కట్టరేమోనని తమ్ముడి అనుమానం.

అన్ని పాసులూ ఒకటేనని కూడా నేననను. కొన్ని పార్కుల్లో రైడ్లకి ఒంటరిగా ఎక్కేవాళ్ళ లైను ఉంటుంది. ఖాళీగా పోయే ఒక్క సీటులో కూచోబెడతారు. దానికి డబ్బు లేదు, ఎవరి చోటూ పోదు. సిక్స్ ఫ్లాగ్స్ అనే పార్కుల కంపెనీ వాళ్ళు 2001లో చేతిలో పట్టుకునే చిన్న పరికరం ఒకటి తెచ్చారు. లైన్లో మన బదులు అది నిలబడుతుంది, మన వంతు రాగానే కబురు చెప్తుంది. వంతు ముందుకి జరగకుండా, కాళ్ళు మాత్రం నొప్పెట్టకుండా ఉండేదానికి నేనూ సంతోషంగా డబ్బు కడతాను. వంతు ముందుకి జరిపే రకం దగ్గరే నాకు పేచీ.

ఇవన్నీ రాసి పార్కుకి ఒక మెయిల్ పెట్టాను. తిట్లు లేవు. మూడే ప్రశ్నలు. ఒక రాత్రికి ఎన్ని పాసులు అమ్ముతారు? గుమ్మం దగ్గర ఎనిమిదికి నాలుగు అనే లెక్క ఎవరు పెట్టారు? లైను మధ్యలో ఆగిపోతే మామూలు టికెట్ వాళ్ళకి తిరిగి వచ్చే వీలు ఎందుకివ్వరు? మా ఆయన చదివి, "ఆ కుర్రాడి మీద ఫిర్యాదులా లేదు కదా?" అని అడిగాడు. లేదన్నాను. అయినా ఒక వాక్యం కలిపాను, స్టాఫ్ చాలా మర్యాదగా ఉన్నారని.

పన్నెండు రోజులకి జవాబొచ్చింది. మా అభిప్రాయం వాళ్ళకి ఎంతో విలువైనదట. అతిథుల సంతృప్తి కోసం నిరంతరం కృషి చేస్తున్నారట. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ సమాధానం లేదు. అడుగున మాకు కలిగిన అసౌకర్యానికి బదులుగా ఒక కూపన్ ఉంది. టికెట్ మీద తగ్గింపు అనుకున్నాను. పాస్ మీద.

తమ్ముడికి పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, అక్టోబరు ఆఖరి దాకా చెల్లుతుందట. ఏం చేద్దాం?"

"బుధవారం టికెట్లు ఉన్నాయేమో చూడు" అన్నాను.

"పాస్ లేకుండానా, పాస్‌తోనా?"

పాప పక్కనే కూచుని వింటోంది. కూపన్ నా మెయిల్‌లో ఇంకా అలాగే ఉంది.